మైకులో పిల్లికూతలు

బస్టాండు మైకు గది నుంచి,
మధ్యాహ్నం బస్సులు తక్కువుండే వేళ.

మా ఇంటి ఆడపడుచు మహారాణికి,

ఫోనుండగా ఈ ఉత్తరమేమిటని కళ్ళు తిప్పకు. ఫోనులో నాలుగు ముక్కలు మాట్లాడితే చాలు, దగ్గు తెర వచ్చేస్తోంది. ఉన్న గొంతు బస్సులకే చాలడం లేదు. నీతో మాట్లాడాలంటే ఇంకో గొంతు అద్దెకు తెచ్చుకోవాలి. నువ్వు మాత్రం ఖాళీగా ఉంటావా! ఎవరో ఒకరికి స్టీరింగ్ అప్పజెప్పి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తిరుగుతుంటావు. అందుకని ఇలా రాసుకుందాం.

జరిగిందేమిటంటే, నాకు జలుబు చేసింది. అది ముక్కులో మర్యాదగా ఉండక ఛాతీలోకి దిగి కాపురం పెట్టింది. చిన్నప్పుడెప్పుడో పోయిందనుకున్న ఉబ్బసం, పిలవని చుట్టంలా పెట్టెతో సహా వచ్చి కూర్చుంది. డాక్టరు స్టెరాయిడ్ బిళ్ళలు ఐదు రోజులకి రాశాడు. నిన్నటితో అయిపోయాయి. ఇక నేను పులిని.

పులి అంటే గుర్తొచ్చింది. ఆ బిళ్ళలు వేసుకుంటే వచ్చే ఆకలి మామూలుది కాదు. బ్రెడ్డు పాకెట్టు విప్పితే కాగితం మాత్రమే మిగిలేది. నేను ఊరికే అలా చూసినందుకు మీ అన్నయ్య తన పళ్ళెం ఎత్తి ఒళ్ళో పెట్టుకున్నారు. కోపం సంగతి చెప్పనే అక్కర్లేదు. మొన్న మైకులో, "తొమ్మిదో నంబరు బస్సు బయలుదేరుతోంది. ఎక్కేవాళ్ళు ఎక్కండి, లేనివాళ్ళు దారికి అడ్డం లేవండి, ఎన్నిసార్లు చెప్పాలి మీకు!" అన్నానట. నాకు గుర్తే లేదు. మా మేనేజరు మాత్రం అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పాడు.

ఇంకా రోజూ రెండు పూటలా పీల్చుకోమని ఒక ఇన్‌హేలర్, ఆయాసమొస్తే వాడమని నీలంరంగుది ఇంకొకటి ఇచ్చారు. బుద్ధిగా వాడుతున్నాను. నోటి ముందు పట్టుకుని మాట్లాడటం నా వృత్తే కదా, నాకొకరు నేర్పాలా?

నీ వదిన,
ఇప్పటికి పులి.


డ్రైవింగ్ స్కూలు కారు, ముందు ఎడమ సీటు,
పెట్రోలు బంకు వరసలో ఆగి ఉండగా.

పులి వదినకి,

నీ ఉత్తరం చదివి మా అన్నయ్య మీద జాలేసింది. నీకంటే ఎక్కువ ఆయన గురించే బెంగగా ఉంది. పళ్ళెం సరే, మనిషిని వదిలేశావా?

ఇక్కడ నా బతుకు ఎప్పటిలాగే బ్రేకు మీద కాలు. గేరు మార్చవయ్యా అంటే సీటు మారిన మహానుభావుడొకడు వచ్చాడు. కొత్తగా ఛాతీ ఆసుపత్రి నర్సు ఒకావిడ చేరింది. చేతిలో సూది ఉంటే సింహమట, స్టీరింగ్ పెడితే చెమటలు. ఎదురుగా సైకిల్ కనిపిస్తే చాలు, కళ్ళు మూసుకుంటుంది.

నేనూరుకుంటానా! నీ ఉత్తరం అందిన పూటే అన్నయ్యకి విడిగా రాసేశాను. పరుపులు, దిళ్ళు ఎండలో వేసి కర్రతో బాదమన్నాను. కర్టెన్లు దులపమన్నాను. ఇల్లంతా వాసనొచ్చే మందు పోసి కడగమన్నాను. దుమ్ముకి, ఉబ్బసానికి పడదని ఎక్కడో చదివాను. అన్నయ్య ఎంతైనా స్కూలు లాబ్‌లో సీసాలు కడిగే మనిషి, శుభ్రమంటే పడి చస్తాడు. నా మాట జవదాటడు కూడా. నువ్వు హాయిగా కూర్చుని చూడు.

బంకు వాడు హారన్ కొడుతున్నాడు. కాదు, హారన్ కొట్టింది మా శిష్యుడేనట. వైపర్ అనుకున్నాడట.

నీ ఆడపడుచు.


బస్టాండు మైకు గది నుంచి,
కిటికీ మూసుకుని.

హారన్ మరదలికి,

నీకో దండం, నీ సలహాలకో దండం. మీ అన్నయ్య చీపురు పట్టిన యమధర్మరాజులా ఉన్నారు. పొద్దున లేస్తే పరుపు బాదుడు, సాయంత్రం వస్తే దిళ్ళ బాదుడు. ఆ దుమ్ము వెలుతురులో బంగారంలా మెరుస్తూ తిన్నగా నా ముక్కు దగ్గరికే వస్తుంది. ఆ పైన మూడు సీసాలు కలిపి ఆయన సొంతంగా కనిపెట్టిన ద్రావకంతో నేల తుడుస్తారు. ఆ వాసనకి పక్కింటి వాళ్ళు కూడా కిటికీలు మూసుకున్నారు. నేను దగ్గుతాను. నేను దగ్గిన కొద్దీ ఆయన ఇంకా గట్టిగా బాదుతారు. "ఇంకా దుమ్ముందన్నమాట!" అంటారు. ఆ ముఖం చూస్తే తిట్టడానికి నోరు రాదు. వచ్చినా ఊపిరి చాలదు.

పులి సంగతి అడక్కు. పులి పోయి పిల్లి మిగిలింది. బిళ్ళలు ఆపిన కొన్నాళ్ళకే గొంతులో పిల్లికూతలు మళ్ళీ మొదలయ్యాయి. ఇంట్లో అయితే మీ అన్నయ్య, నేను మాత్రమే వినేవాళ్ళం. ఇక్కడ నా ముందు మైకుంది. నేను అనౌన్సుమెంటు ముగించి ఊపిరి పీల్చగానే బస్టాండు మొత్తానికి "కుయ్యి... కుయ్యి..." అని వినిపిస్తోందట. ఒక చిన్నపిల్ల బెంచీల కింద దూరి పిల్లి కోసం వెతికింది. టికెట్ల గుమాస్తా నా గది గుమ్మం ముందు పళ్ళెంలో పాలు పెట్టి వెళ్ళాడు. పదకొండో నంబరు డ్రైవరైతే బస్సు కదలబోతూ దిగి టైర్లన్నీ తట్టి చూసుకున్నాడు. "గాలి పోతున్న చప్పుడండీ!" అని ఒట్టేశాడు.

నువ్వు నవ్వుతావని తెలుసు. నవ్వు. కానీ ఒక మాట నీ కడుపులో పెట్టుకో. మా మేనేజరు రికార్డింగ్ మెషిన్ తెప్పిస్తున్నాడు. మీట నొక్కితే ఎవరో అమ్మాయి గొంతు బస్సుల నంబర్లు చెబుతుందట. "ఆ అమ్మాయికి దగ్గు రాదండీ" అన్నాడు. మనిషి మంచివాడే, నన్ను నొప్పించాలని అనలేదు. అందుకే ఇంకా నొప్పిగా ఉంది. ఇప్పుడు సెలవు పెడితే నా కుర్చీలో అది కూర్చుంటుంది. అందుకని రోజూ వస్తున్నాను. మీ అన్నయ్యకి చెప్పావో, మన స్నేహం కటీఫ్.

ఆయాసం కొంచెమే. మెట్లెక్కేటప్పుడు కొంచెం. పడుకుంటే కొంచెం. నీలం ఇన్‌హేలర్ కొంచెం ఎక్కువ వాడుతున్నాను, అంతే.

నీ వదిన.


డ్రైవింగ్ స్కూలు కారు,
ఫుట్‌పాత్ మీద (ఎందుకో కింద రాస్తాను).

కొంచెం వదినకి,

నీ ఉత్తరంలో ఆ చివరి నాలుగు వాక్యాల్లో ఎన్ని "కొంచెం"లున్నాయో నువ్వే చూసుకో. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది.

నువ్వు చెప్పొద్దన్నావు కాబట్టి మెషిన్ సంగతి అన్నయ్యకి చెప్పను. ఊపిరి సంగతి మాత్రం నర్సుకి చెప్పేశాను. ఆవిడ నడుపుతుండగానే చదివి వినిపించాను. అది నా పొరపాటు. పడుకుంటే ఆయాసం అన్న ముక్క దగ్గర ఆవిడ ఠక్కున నా వైపు తిరిగింది. ఆవిడతో పాటు కారూ తిరిగింది. అందుకే ఫుట్‌పాత్ మీద ఉన్నాం. ఎవరికీ ఏం కాలేదు, ఒక చెత్తడబ్బా తప్ప.

ఆవిడ ఇంజన్ కూడా ఆపకుండా ఏమందో విను. "బిళ్ళలు మంటని ఆర్పుతాయమ్మా. కింద నిప్పు ఇంకా కొన్ని వారాలు ఉంటుంది. రోజూ పీల్చే మందు దాన్ని చల్లార్చాలి. నీలందాని మీదే బతుకుతోందంటే ఇంకా అదుపులో లేదని అర్థం. మళ్ళీ డాక్టరు దగ్గరికి వెళ్ళాలి, అదీ వెంటనే. నాలుగు గంటలు కూడా ఆగలేక నీలంది మళ్ళీ మళ్ళీ కావాల్సొచ్చినా, ఒక వాక్యం పూర్తిగా చెప్పలేకపోయినా, ఇంక డాక్టరు టైము కోసం చూడొద్దు, తిన్నగా ఆసుపత్రికే." ఇంతవరకు స్థిరంగా చెప్పింది. "ఇప్పుడు రివర్స్ ఎలాగండీ?" అంటూ వణికిపోయింది.

ఇంకొకటి కూడా అడిగింది. "ఆవిడ ఇంట్లో ఉండగానే పరుపులు బాదుతున్నారా? ఘాటు మందులు కలిపి పోస్తున్నారా? ఎవరండీ ఆ తెలివైనవాళ్ళు?" నేను కిటికీలోంచి చెత్తడబ్బా వైపు చూస్తూ కూర్చున్నాను.

బాదుడు ఆపమని, ఆ సీసాలు పారేయమని, తడిగుడ్డతో తుడవమని, అదీ నువ్వు ఇంట్లో లేనప్పుడని అన్నయ్యకి ఇవాళే రాస్తున్నాను. నువ్వు మాత్రం రేపు డాక్టరు దగ్గరికి వెళ్ళు. బస్సులు నీ గొంతు లేకపోయినా కదులుతాయి. నీకు ఊపిరి లేకపోతే మా ఇల్లు కదలదు.

నీ తెలివైన ఆడపడుచు.


ఆసుపత్రి, కిటికీ పక్క మంచం నుంచి.

తెలివైన మరదలికి,

నీ ఉత్తరం అందింది. డాక్టరు దగ్గరికి వెళ్ళమన్నావు కానీ, అది నా చేతికొచ్చేసరికే ఈ మంచమెక్కాను. నన్నడగకుండా ఆ ముందే ముహూర్తం కుదిరింది.

సాయంత్రం బాగా రద్దీ. మైకు నొక్కి, "ప్రయాణికులకు మనవి. కొండ అవతలి ఊరు వెళ్ళే బస్సు..." అన్నాను. తరవాతి మాట రాలేదు. ఛాతీ మీద ఎవరో బీరువా పెట్టినట్టయింది. కిటికీలోంచి చూస్తే మూటలు, పిల్లల్ని ఎత్తుకుని జనమంతా నోళ్ళు తెరుచుకుని స్పీకర్ వైపు చూస్తున్నారు. ఏ ప్లాట్‌ఫారమో చెప్పడం లేదే అని! కిందనుంచి ఎవరో "రద్దయిందా అమ్మా?" అని అరిచారు. తల అడ్డంగా ఊపాను. మైకులో తల ఊపితే ఎవరికి కనపడుతుంది?

నర్సు మాట నాకింకా తెలియదు, ఆ ఉత్తరం అప్పటికి దారిలోనే ఉంది. కానీ వాక్యం మధ్యలో ఆగిపోవడం నా పదిహేనేళ్ళ ఉద్యోగంలో జరగలేదు. అప్పుడు మాత్రం భయమేసింది. నిజంగా భయమేసింది.

టైర్లు తట్టుకున్న ఆ పదకొండో నంబరు డ్రైవరే ముందు పరిగెత్తుకొచ్చాడు. "నేనింకా టైరనుకున్నానమ్మా, మీరా!" అంటూ నన్ను తన బస్సెక్కించి, స్టాపులన్నీ వదిలేసి తిన్నగా ఆసుపత్రికి తోలాడు. అప్పటికే బస్సులో ఎక్కి కూర్చున్న జనం సంగతి ఎవరికీ గుర్తురాలేదు. ఆసుపత్రి ముందు నాతో పాటు బస్సు నిండా మనుషులు దిగారు. వార్డు బాయ్ అదిరిపోయి, "ఎంతమందికండీ ఆయాసం?" అన్నాడు.

ముక్కుకి మాస్కు పెట్టి, పొగలాంటి మందు పట్టించి, మళ్ళీ స్టెరాయిడ్ మొదలుపెట్టారు. కుదుటపడ్డాక డాక్టరమ్మ వచ్చింది. "మందులన్నీ సరిగ్గా వాడుతుంటే ఇలా కాకూడదే. ఏదీ, ఎలా పీలుస్తున్నారో చూపించండి" అంది.

నాకు గర్వం. ఇన్‌హేలర్ ఊపి, నోటి ముందు నిటారుగా పట్టుకుని, గొంతు సవరించుకుని, నొక్కి, హాఁ అని వదిలాను. మందంతా వెళ్ళి ఆవిడ కళ్ళజోడు మీద పడింది.

ఆవిడ కళ్ళజోడు తుడుచుకుంటూ, "ఏం చేస్తుంటారమ్మా మీరు?" అంది.

"బస్టాండులో అనౌన్సరునండీ."

"అదా సంగతి! ఇది మైకు కాదమ్మా, మీరు దీనికేమీ చెప్పక్కర్లేదు. అదే మీకు చెబుతుంది, మీరు లోపలికి తీసుకోవాలి. ఇన్నాళ్ళూ ఈ మందు వాడింది మీరు కాదు, మీ వంటింటి గోడ."

మీ అన్నయ్య అక్కడే ఉన్నారు. పక్కకి తిరిగారు. భుజాలు అదురుతున్నాయి. ఏడుస్తున్నారనుకుని నాకు గుండె కరిగింది. ఏడవడం లేదు.

ఇప్పుడు ఇన్‌హేలర్‌కి ముందు తగిలించే ఒక ప్లాస్టిక్ గొట్టం ఇచ్చారు, సొరకాయలా ఉంటుంది. ముందు ఊపిరంతా వదిలేయాలి. ఒక్కసారి నొక్కి, మెల్లగా లోపలికి పీల్చి, బిగపట్టాలి. తరవాత నోరు పుక్కిలించాలి. డాక్టరమ్మ ముందు పదిసార్లు చేసి చూపించాకే వదిలింది.

నీ వదిన,
గోడకంటే ఆరోగ్యం తక్కువ.


డ్రైవింగ్ స్కూలు ఆఫీసు గది నుంచి.

వదినా,

ఇవాళ కారులో కూర్చుని రాయలేదు. నీ ఉత్తరం కారులోనే చదివాను. బస్సు దగ్గర ఏడ్చాను, కళ్ళజోడు దగ్గర నవ్వాను. రెండూ ఒకేసారి వచ్చేసరికి, పక్కనున్న కుర్రాడు తను అంత ఘోరంగా నడుపుతున్నాడనుకుని బండాపి దిగిపోయాడు. డబ్బులు కూడా వెనక్కి అడగలేదు, పాపం.

సెలవు దొరకగానే వచ్చేస్తాను. దులపడానికి కాదు. చీపురు ముట్టుకుంటే ఒట్టు. వచ్చేదాకా ఎలా ఉందో దాచకుండా రాయి. "కొంచెం" అన్న మాట మాత్రం వాడకు.

నీ మరదలు.


ఇంటి నుంచి,
వెనక వరండా కుర్చీలో.

మరదలా,

దాచకుండా రాయమన్నావు కాబట్టి రాస్తున్నాను. రెండోసారి బిళ్ళలు కూడా అయిపోయాయి. ఇంటికొచ్చి రెండు వారాలు దాటింది. అయినా పూర్తిగా తగ్గలేదు. మంచిరోజు వెనకాలే చెడ్డరోజు వస్తోంది. నిన్న వీధి చివరిదాకా నడిచి విజయగర్వంతో వచ్చాను. ఇవాళ జడ వేసుకుంటే ఆయాసం. మొన్న డాక్టరమ్మ దగ్గర కూర్చుని, "నేనేం తప్పు చేస్తున్నానండీ?" అని ఏడ్చేశాను.

"ఏ తప్పూ లేదు. లోపల గొట్టాలు వాచి ఉన్నాయి, అవి మామూలు కావడానికి వారాలు పడుతుంది. బిళ్ళలు అయిపోవడం, జబ్బు అయిపోవడం ఒకటి కాదు. మీరు పీలుస్తూ ఉండండి, నేను చూస్తూ ఉంటాను" అంది. ఆ మాట తరవాత ఎందుకో మనసు నిమ్మళించింది. తప్పు నాది కాదంటే సగం ఊపిరి వచ్చినట్టయింది.

ఊదితే ముల్లు కదిలే చిన్న మీటరొకటి ఇచ్చారు. రోజూ పొద్దున నేను ఊదుతాను, మీ అన్నయ్య పక్కన నిలబడి గుర్రప్పందెం చూసినట్టు "ఇంకా, ఇంకా, ఇంకా!" అంటారు. ఆయనొకసారి ఊదితే నాకంటే తక్కువొచ్చింది. లాబ్ మనిషి కదా, మీటరే తప్పన్నారు.

మెషిన్‌కి భయపడి సెలవు పెట్టని సంగతి ఆయనకి నేనే చెప్పేశాను. కోప్పడతారనుకున్నాను. "నీకు ఊపిరాడకపోతే, నువ్వు చెప్పే ఆ బస్సులెక్కి నేనెక్కడికి పోతాను?" అన్నారు. ఆపైన వంటింట్లోకెళ్ళి చాలాసేపు గిన్నెలు చప్పుడు చేశారు.

మెషిన్ వచ్చేసిందట. ఎవరు ఎన్ని మీటలు నొక్కినా అది మాట వినదట. ఇంజన్ చెడి కదలని బస్సుని "బయలుదేరింది" అని ప్రకటిస్తే, అందులో కూర్చున్నవాళ్ళంతా దిగి బస్సు కోసం పరిగెత్తారట. మేనేజరు ఇంటికొచ్చి మొహమాటంగా ఇదే చెప్పి, "ఎప్పుడొస్తారండీ?" అన్నాడు. "డాక్టరమ్మ సరే అన్నప్పుడు" అన్నాను. చూశావా, నేను బాగుపడుతున్నాను.

ఒక్కటే బాధ. నవ్వితే దగ్గు. చిన్న నవ్వుకే దగ్గుతెర తగులుకుని కళ్ళనీళ్ళు వస్తాయి. మీ అన్నయ్య భయపడి జోకులు మానేశారు. ఇల్లు కోర్టులా ఉంది. నువ్వు కూడా సీరియస్‌గానే రాయి, నా మాట విను.

నీ వదిన.


డ్రైవింగ్ స్కూలు కారు, ముందు ఎడమ సీటు,
చెట్టు నీడన (ఈసారి కావాలనే ఆపాం).

వదినా,

నువ్వు సీరియస్‌గా రాయమన్నావు. నేను జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. ఆపై నీ అదృష్టం. ముందు సొరకాయ గొట్టం పక్కన పెట్టుకో.

మొన్న మన నర్సుకి లైసెన్సు పరీక్ష. పరీక్ష పెట్టే ఆఫీసరు నిండు మీసాలాయన, ఎవరినీ పాస్ చేయడని పేరు. ఈవిడ కారు ఎక్కింది. మొదటి మలుపులోనే ఒక సైకిల్ వచ్చింది. ఈవిడ కళ్ళు మూసుకుంది. ఆఫీసరు "అమ్మా!" అన్నాడట. ఈవిడని కాదు, వాళ్ళమ్మని. ఆ తరవాత ఆయనకి ఒళ్ళంతా చెమటలు, ఊపిరి ఎగబీల్పు.

ఆ ఎగబీల్పు వినగానే మనావిడ కళ్ళు తెరుచుకున్నాయి వదినా! నర్సు లేచింది. ఇండికేటర్ వేసింది, అద్దంలో చూసింది, ఇంత వంకర లేకుండా కారుని పక్కకి తీసి ఆపింది. నా దగ్గర ఇన్నాళ్ళలో ఒక్కనాడైనా అలా ఆపిందా! ఆయన కాలరు గుండీ విప్పి, నాడి పట్టుకుని, "ముందుకి వంగి కూర్చోండి నాన్నా. మెల్లగా పీల్చండి. మెల్లగా వదలండి. భయమేం లేదు, నేనున్నాగా" అంది.

"మీరున్నందుకే కదమ్మా భయం" అన్నాడట ఆయన.

నిమ్మళించాక కాగితం తీసి చాలాసేపు ఆలోచించి, "పార్కింగు బాగుంది" అని పాస్ చేశాడు. దిగుతూ, "ఎప్పుడైనా బండి నడపాలనిపిస్తే మాత్రం, పక్కన ఒక రోగిని కూర్చోబెట్టుకోండి" అని చెప్పి వెళ్ళాడు.

ఆదివారం వస్తున్నాను. నర్సు తానే నడిపి దింపుతానంటోంది. రోగి లేడని బస్సెక్కుతున్నాను.

నీ ఆడపడుచు.


బస్టాండు మైకు గది నుంచి,
సగం పూట డ్యూటీలో (డాక్టరమ్మ సరే అన్నాకే).

మరదలా,

నా మాట వినవని తెలుసు. తెలిసే చెప్పాను.

నీ ఉత్తరం నిన్న ఇంట్లో చదివాను. సైకిల్ దగ్గర పెదవి బిగబట్టాను. "వాళ్ళమ్మని" అన్న దగ్గర ముక్కు మూసుకున్నాను. పార్కింగు దగ్గర ఇంక నా వల్ల కాలేదు. పగలబడి నవ్వాను. కుర్చీలోంచి కిందికి జారి నవ్వాను. మీ అన్నయ్య స్నానాలగదిలోంచి సబ్బు నురగతో, ఒక చేత్తో తువ్వాలు, ఒక చేత్తో సొరకాయ గొట్టం పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. "పీల్చు! పీల్చు!" అని గొట్టం నోట్లో పెట్టబోయారు. నేను చేతులడ్డం పెట్టి, ఉత్తరం చూపించి, మళ్ళీ నవ్వాను.

ఆయన అలాగే నురగ కారుతూ నిలబడి ఉత్తరమంతా చదివారు. ఆయనా నవ్వారు. అప్పుడు చప్పున ఆగిపోయి నా ముఖంలోకి చూశారు. "ఏమే, దగ్గు రాలేదే!" అన్నారు.

నేనూ ఆగి, ఛాతీ మీద చెయ్యి వేసుకుని విన్నాను. ఎన్నాళ్ళకో, లోపల ఏ పిల్లీ లేదు.

ఇద్దరం నేల మీదే కూర్చుండిపోయాం. "ఇంకోసారి చదవండి" అన్నాను. కళ్ళలో సబ్బు పడిందని తుడుచుకుంటూ, మొదటినుంచి గట్టిగా చదవడం మొదలుపెట్టారు.

ఆదివారం ఏ బస్సుకి వస్తున్నావో రాయి. మైకులో పేరు పెట్టి పిలిచి నీ పరువు తీస్తాను.

నీ వదిన.